పసుపు తలుపు

లిఫ్టు మూడో అంతస్తులో ఆగింది, తలుపులు తెరుచుకున్నాయి, కెప్టెన్ చక్రాల మీద చేతులు వేసింది. సరిగ్గా అక్కడ ఆవిణ్ణి వదిలేసి పోయిన వారం మనం ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. ఈ వారం రోజులూ పాపం లిఫ్టులోనే కూర్చుని ఉందేమోనని మీరు బెంగపడక్కర్లేదు. కథలో గడిచింది ఒక్క ఊపిరి. మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పేసి బయల్దేరదాం.

కెప్టెన్‌కి ముప్ఫై ఆరేళ్ళు. పంతొమ్మిదో ఏట మేడ మీంచి పడి వెన్ను విరిగింది. అప్పట్నుంచీ నడుం కింద కదలికా లేదు, స్పర్శా లేదు. చక్రాల కుర్చీల్లో బాస్కెట్‌బాల్ ఆడే ఆడవాళ్ళ జట్టుకి పన్నెండేళ్ళుగా నాయకురాలు కాబట్టి ఇంటా బయటా ఆ పేరే ఖాయమైపోయింది. కన్నతల్లి కూడా కోపం వచ్చినప్పుడు "కెప్టెన్ గారు ఇక పడుకుంటారా, లైటు తియ్యనా" అని దెప్పుతుంది. ఆట కాక ఆవిడకి ఇంకో పని ఉంది. వికలాంగుల హక్కుల సంఘం తరఫున కొత్త కట్టడాలు తనిఖీ చేస్తుంది. ఒళ్ళో టేపు, కుర్చీకి వేలాడే స్ప్రింగు త్రాసు. గుమ్మం వెడల్పెంత, తలుపు లాగడానికి ఎన్ని కిలోల బలం కావాలి, మీట ఎంత ఎత్తులో ఉంది, అన్నీ కొలిచి సంతకం పెడుతుంది. ఆవిడ సంతకం పెట్టిందంటే మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని కుర్చీ తోసుకుంటూ వెళ్ళిపోతారు. అంత నమ్మకం.

ఆ నమ్మకానికే ఇప్పుడు చిక్కొచ్చి పడింది.

ఈ ఆటల భవనం కోసం సంఘం పదకొండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. కాళ్ళు లేనివాళ్ళు చక్రాలరిగేలా తిరిగారు. ఇంకో తొమ్మిది రోజుల్లో ఇక్కడ పోటీలు. ఎనిమిది జట్లు, తొంభై ఆరు మంది. ఆడే కోర్టు కింద, సాధన చేసే కోర్టు మూడో అంతస్తులో. నిప్పంటుకుంటే గంట మోగుతుంది, మోగిన మరుక్షణం లిఫ్టు కిందకి పోయి ఆగిపోతుంది. నడిచేవాళ్ళు మెట్లు దిగేస్తారు. చక్రాల మీద ఉన్నవాళ్ళు మాత్రం నిప్పూ పొగా చొరబడని ఒక గదిలో కూర్చుని, అగ్నిమాపక సిబ్బంది వచ్చి దించేదాకా ఎదురుచూడాలి. మూడో అంతస్తులో ఆ గదికి పసుపు రంగు తలుపు వేశారు. ఆ గది నిక్షేపంలా ఉందని నాలుగు నెలల కిందట సంతకం పెట్టింది కెప్టెన్. చూడకుండా పెట్టింది.

ఎందుకు చూడలేదంటే, అప్పటికి లిఫ్టు బిగించలేదు. నలుగురు కూలీలు "కుర్చీతో సహా పైకి ఎత్తుకెళ్తామమ్మా" అన్నారు. ఆవిడ ససేమిరా అంది. 'ఎత్తుకుపోవాల్సిన చోటికి మేం రాం' అన్నది సంఘం మొట్టమొదటి నియమం, రాసిందే ఆవిడ. ఎప్పుడో ఒక ఆఫీసు మెట్ల మీద ఇద్దరు మగవాళ్ళు ఆవిణ్ణి సిమెంటు బస్తాలా మోసి, సగంలో దింపి, చెమట తుడుచుకుంటూ ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకని సంఘం అధ్యక్షుడు, అందరూ మాస్టారు అని పిలిచే రిటైరైన డ్రాయింగు మాస్టారు, రెండు చంకకర్రల మీద మూడంతస్తులూ ఎక్కి కొలతలు రాసుకొచ్చాడు. ఆ కాగితం చూసి ఆవిడ ఈ కాగితం మీద సంతకం చేసింది. పోయిన వారం పోటీల కరపత్రంలో ఆ గది ఫొటో చూసేసరికి గుండె గుభేలుమంది. పసుపు తలుపుకి బయటివైపు కీళ్ళు కనపడలేదు. అంటే ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. కుర్చీలతో కిక్కిరిసిపోవాల్సిన గదిలోకి!

అదీ సంగతి. ఇక ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి రండి.

కొత్త రంగు వాసన కొడుతున్న వరండా. నేల పలకలకి అంటించిన ప్లాస్టిక్ కాగితం ఇంకా పీకలేదు, చక్రాల కింద చరచరమంటోంది. ఆ చివర కోర్టు, ఈ చివర పసుపు తలుపు. సెలవు కాబట్టి పనివాళ్ళు లేరు. జట్టు ఇంకో అరగంటలో వస్తుంది, పై కోర్టులో వాళ్ళకి ఇదే మొదటి రోజు. వాళ్ళు వచ్చేలోపు చూసెయ్యాలి. బాగుంటే దేవుడికో దండం పెట్టి నోరు మూసుకోవాలి. బాగోకపోతే ఏం చెయ్యాలో కెప్టెన్ ఇంకా ఆలోచించలేదు. ఆలోచించడానికి భయం వేసింది. సంతకం వెనక్కి తీసుకుంటే పోటీలు ఇంకో ఊరికి పోతాయి, పదకొండేళ్ళ శ్రమ మట్టిగొట్టుకుపోతుంది, ఇక ఆవిడ సంతకం ఎవరూ నమ్మరు. తీసుకోకపోతే తొంభై ఆరు మంది ఆ సంతకాన్ని నమ్ముకుని ఈ అంతస్తుకి వస్తారు.

టేపు తీసి గుమ్మం కొలిచింది. ఎనభై ఐదు సెంటీమీటర్లు. కాగితంలోనూ అంతే ఉంది. హమ్మయ్య అనుకుని, ఆ అనుకున్న నోటితోనే నాలిక కరుచుకుంది. ఎనభై ఐదు ఇప్పుడు తను కూర్చున్న మామూలు కుర్చీకి ధారాళంగా సరిపోతుంది. ఆట కుర్చీ అలా కాదే! గిర్రున తిరగడానికీ, పక్కనుంచి గుద్దినా బోల్తా పడకుండా ఉండటానికీ దాని చక్రాలు కింద బయటికి వాలి ఉంటాయి. నేల దగ్గర తొంభై రెండు, తొంభై ఐదు ఉంటుంది. ఆట కుర్చీల కోర్టు పక్కన ఆట కుర్చీ పట్టని గుమ్మం. ఇంజనీరుకి తట్టలేదంటే అతను ఏనాడూ కూర్చోలేదు పాపం. పన్నెండేళ్ళుగా అందులో ఆడుతున్న తనకి ఏమొచ్చింది? ఆ ఎనభై ఐదు అంకెని కళ్ళారా చదివి సరే అంది కదా!

ఇక తలుపు బరువు చూడాలి. లాగి చూడాలంటే లోపలికి వెళ్ళాలి. కాళ్ళు ఆనించుకునే పలకతో నెట్టింది. కదల్లేదు. వెనక్కి పోయి, ఊపుగా వచ్చి గుద్దింది. తలుపు మూలుగుతూ తెరుచుకుంది. ఆవిడ దూరగానే వెనక ధబ్బున మూసుకుంది.

లోపల లైటు దానంతటదే వెలిగింది. కాగితంలో ఈ గది వెడల్పు రెండొందల నలభై. టేపు తియ్యక్కర్లేకపోయింది. చేతులు పూర్తిగా చాచకముందే రెండు గోడలూ తగిలాయి. తలుపు వైపు తిరుగుదామని కుర్చీ తిప్పింది. సగం తిరిగేసరికి వెనక చక్రం నీళ్ళ గొట్టం దాచిన ఇనప డబ్బా అంచుకి పట్టేసింది, ముందు మోకాళ్ళు ఎదుటి గోడకి ఆనాయి. ముందుకి పోదు, వెనక్కి రాదు. గదికి అడ్డంగా ఇరుక్కుపోయింది. తలుపు కుడి చేతి పక్కన మూరెడు దూరంలో ఉంది.

భయం వేసినప్పుడు పనిలో పడటం ఆవిడ అలవాటు. త్రాసు కొక్కేన్ని పిడికి తగిలించి లాగింది. రెండున్నర కిలోలు దాటకూడదు. ముల్లు నాలుగు, ఆరు, తొమ్మిది దాకా పోయాక తలుపు కదిలి, నాలుగు వేళ్ళ సందిచ్చి, కుర్చీ చక్రానికి కొట్టుకుని ఆగింది. చెయ్యి సడలగానే మూసుకుంది. మళ్ళీ లాగింది. మళ్ళీ నాలుగు వేళ్ళే.

ఇలాంటప్పుడు కాళ్ళూ చేతులూ ఆడలేదని రాస్తుంటాం. కెప్టెన్ విషయంలో సగం మాట ఎప్పుడూ నిజమే. ఇప్పుడు మిగతా సగం కూడా నిజమైంది. కిందకి జారిపోయి పాకుదామంటే, కుర్చీ అడ్డంగా ఉన్నంతసేపూ తలుపు తెరుచుకోదు. చక్రం ఊడదీస్తే కుర్చీ చిన్నదవుతుంది, కానీ ఊడదియ్యాలంటే ముందు దిగాలి, దిగడానికి నేల మీద జానెడు చోటు లేదు. ఫోనుకి సిగ్నల్ లేదు. తలుపు పక్కన సాయం కోసం పిలిచే మీట ఉంది. నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది. అవతల ఎవరూ పలకలేదు. ఇంకోసారి నొక్కి, చెవి ఒగ్గి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. కదలకుండా కూర్చునేసరికి గదిలో ఎవరూ లేరనుకుని లైటు ఆరిపోయింది.

చిమ్మచీకటి. కెవ్వుమంది కెప్టెన్. చెయ్యి పైకెత్తి ఊపితే లైటు వెలిగింది. అరవై నాలుగు భవనాలు తనిఖీ చేసిన మనిషి, ప్రతి రెండు నిమిషాలకీ బస్సు ఆపుతున్నట్టు చెయ్యి ఊపుతూ కూర్చుంది.

కాసేపటికి ఎదుటి గోడ లోంచి మోత మొదలైంది. తేనెటీగల్లాంటి సన్నటి మోత. వేలితో కొడితే టంగుమంది. అది గోడ కాదు, తెల్ల రంగు వేసిన ఇనప రేకు. మోత ఆగింది, వరండాలో లిఫ్టు తలుపుల చప్పుడైంది, లీలగా ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. జట్టు వస్తోంది. ఆట కుర్చీలు కాబట్టి లిఫ్టులో ఇద్దరికి మించి పట్టరు. మోత, నవ్వులు, మోత, నవ్వులు. ఆరుసార్లకి పదకొండు మందీ వచ్చేశారు. కెప్టెన్ గొంతు చించుకుని అరిచింది. తలుపు లాగి సందులోంచి అరిచినా, వాళ్ళ చక్రాల చరచర ఆ అరుపు మింగేసింది. కోర్టులో బంతి చప్పుడు మాత్రం ఆవిడకి అందుతోంది. అంత గట్టిగా బంతి కొట్టేది దర్జీయే.

దర్జీ అంటే జట్టులోకెల్లా జోరైన మనిషి. బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది, నలుగురు పనివాళ్ళని నోటితోనే కుడుతుంది. కెప్టెన్‌ని అక్కా అంటుంది, అక్క గీసిన గీత దాటదు. రెండు నెలలుగా కింది కోర్టులో సాధన అయ్యాక కెప్టెన్ వీళ్ళ చేత ఒక పాఠం వల్లె వేయించింది. నేల మీద సుద్దతో గీత గీసి, అదే పసుపు తలుపు అనుకోమంది. గంట మోగగానే ఆలోచించొద్దు, లిఫ్టు వైపు చూడొద్దు, ఒకరి వెనక ఒకరు పసుపు తలుపులోకి. దర్జీకి పద్దెనిమిది సెకన్లు పట్టేది. ఆ పద్దెనిమిది సెకన్లు గుర్తొచ్చి కెప్టెన్‌కి జరగబోయేది కళ్ళకి కట్టింది. గంట మోగితే అది దూసుకుంటూ ముందొస్తుంది. దాని కుర్చీ ఈ గుమ్మంలో బిరడాలా బిగుసుకుపోతుంది. నడుముకీ మోకాళ్ళకీ పట్టీలు బిగించుకుని ఉంటుంది కాబట్టి దిగనూ లేదు. వెనక పదిమంది.

టక్, టక్, చర్ర్. టక్, టక్, చర్ర్.

ఆ చప్పుడు వినగానే కెప్టెన్‌కి ప్రాణం లేచొచ్చింది. మాస్టారు! పొద్దున్నే వెళ్ళి గది చూస్తానని రాత్రి ఆయనకి కబురు పెట్టింది. కొక్కెం తగిలించి తలుపు లాగి, ఆ సందులోంచి కేక పెట్టింది.

"మాస్టారూ! ఇక్కడ! లోపల ఇరుక్కుపోయాను!"

తలుపు గాజు పలక నిలబడేవాళ్ళ ఎత్తులో పెట్టారు. అందులో మాస్టారి మొహం కనిపించింది. ఆయనకి ఈవిడ నడినెత్తి తప్ప కనపడి ఉండదు.

"అయ్యయ్యో! ఒక్కదానివీ లోపలికెందుకెళ్ళావు తల్లీ!"

"సంతకం నాది కదండీ. ముందు తలుపు నెట్టండి, నేను లాగుతాను."

ఆయన భుజం ఆనించి నెట్టాడు. కర్ర కింద ప్లాస్టిక్ కాగితం జారింది. పడబోయి, గోడ పట్టుకుని నిలదొక్కుకుని, రొప్పుతూ ఉండిపోయాడు. తలుపు అదే నాలుగు వేళ్ళు తెరుచుకుని అక్కడే నిలిచింది. ఈసారి ఆయన కర్రొకటి ఆ సందులో పెట్టాడు, మూసుకోకుండా. తలుపుకి చెరోవైపు ఇద్దరూ. ఊళ్ళో తలుపులన్నిటికీ వంకలు పెట్టే సంఘానికి అధ్యక్షుడొకరు, తనిఖీదారొకరు. ఇంకెవరైనా అయితే కెప్టెన్ పగలబడి నవ్వేది.

"మాస్టారూ, ఈ గది మీరు కొలిచారా?"

"ఇప్పుడదంతా ఎందుకమ్మా. కింద గేటు దగ్గరి గార్డుకి ఫోన్ చేస్తానుండు."

చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

"కొలిచారా?"

"కొలిచాను."

"ఎంతొచ్చింది?"

సందులోంచి ఆయన ఊపిరి వినిపిస్తోంది. డెబ్భై ఏళ్ళ మనిషి. పంతొమ్మిదేళ్ళ పిల్ల మంచం దిగనని గోడ వైపు తిరిగి పడుకుంటే, రోజూ ఇంటికొచ్చి, పక్కన కుర్చీ వేసుకుని, ఏమీ అడక్కుండా బొమ్మలు గీసుకుంటూ కూర్చున్న మనిషి. నాన్న తరవాత నాన్నంతటివాడు.

"నూట ఇరవై," అన్నాడు చివరికి.

"నాకు రెండొందల నలభై అని రాసిచ్చారు."

"ముందు గీసిన ప్లాను అదే తల్లీ. లిఫ్టుని నడిపే కరెంటు పరికరాల బీరువాలు పెట్టడానికి చోటు చాల్లేదన్నారు ఆఫీసువాళ్ళు. ఈ గదిలో సగం ఇస్తే లిఫ్టు ఈ ఏడే బిగిస్తాం, లేకపోతే మళ్ళీ మొదట్నుంచి రండి అన్నారు. మళ్ళీ పదకొండేళ్ళు నేను బతకను కదమ్మా. ఇచ్చేశాను."

"ఇచ్చేసి నాచేత సంతకం పెట్టించారు."

"నా సంతకం ఎవరు చూస్తారు? నీదైతే నమ్ముతారు."

కెప్టెన్‌కి ఏడుపూ కోపమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. తిట్టాలనుకుంది. ఆ నలుగురు కూలీలు గుర్తొచ్చి నోరు రాలేదు. ఒక్క పూట సిగ్గు చంపుకుని బస్తాలా పైకి వచ్చి ఉంటే ఈ గది అప్పుడే చూసేది. మాస్టారు అబద్ధం చెప్పాడు, నిజమే. ఆ అబద్ధానికి చోటిచ్చింది తన పంతమే.

"రేపు పొద్దున్న సంతకం వెనక్కి తీసుకుంటున్నాను," అంది.

"తొమ్మిది రోజుల్లో పోటీలు పెట్టుకుని! అంత మాటనకు. పోటీలు జరిగే ఆ నాలుగు రోజుల్లోనే నిప్పంటుకుంటుందా చెప్పు? పోటీలు అయిపోనీ, తరవాత నేనే ఒప్పేసుకుంటాను. నా మీదే వేసుకుంటాను. తల్లీ, ఇంతమంది పిల్లల ఆశ..."

ఆయన ఇంకా ఏదో అంటున్నాడు. కెప్టెన్ వినడం లేదు. ముక్కుపుటాలు ఎగరేసింది. రంగు వాసన కాదు. ఇది వేరే వాసన. ఇస్త్రీ పెట్టె కింద నైలాను బట్ట మర్చిపోతే వచ్చే వాసన.

కిందకి చూసింది.

ఆవిడ మోకాళ్ళు ఇనప రేకుకి ఆని ఉన్నాయి. ఎంతసేపట్నుంచో ఆని ఉన్నాయి. ఆట ప్యాంటు గుడ్డ మోకాళ్ళ దగ్గర నిగనిగలాడుతూ రేకుకి అతుక్కుపోయింది. ఆవిడకేమీ తెలియలేదు, తెలియదు కూడా. రెండు చేతులతో తొడ పట్టుకుని వెనక్కి గుంజింది. గుడ్డ చిరిగి సగం రేకు మీదే ఉండిపోయింది. మోకాలి మీద చర్మం ఎర్రగా, తడిగా, పైపొర లేచిపోయి ఉంది. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడానికే ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. రెండో కాలు కూడా గుంజుకుని, అరచెయ్యి రేకు దగ్గరికి తీసుకెళ్ళింది. తాకక్కర్లేదు. సెగ జానెడు దూరానికే కొట్టింది. తెల్ల రంగు మీద చిన్న చిన్న బొబ్బలు లేస్తున్నాయి.

"మాస్టారూ," అంది. "కరెంటు బీరువాలు ఈ రేకు వెనకాలేనా?"

"అవును. ఏం?"

"కాలిపోతోంది."

మాస్టారికి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. తరవాత ఆయన చంకకర్ర చప్పుడు గబగబా గోడ వైపు జరిగింది.

"గంట ఇక్కడే ఉంది తల్లీ, కొట్టేస్తున్నా..."

"కొట్టకండి!"

అంత గట్టిగా ఆవిడ కోర్టులో కూడా ఎప్పుడూ అరవలేదు. మాస్టారి చెయ్యి గాల్లో ఆగింది.

"కొడితే లిఫ్టు ఆగిపోతుంది. పదకొండు మందీ ఇటే వస్తారు. నేనే నేర్పాను మాస్టారూ, ఈ తలుపులోకి రమ్మని నేనే నేర్పాను! వచ్చి ఈ గుమ్మంలో ఇరుక్కుంటారు." ఒక్క గుక్క ఊపిరి తీసుకుంది. "గంట మోగనంతసేపే లిఫ్టు పనిచేస్తుంది. వాళ్ళని దించెయ్యండి. ఇద్దరిద్దరిని. ఫైరింజను వాళ్ళకి ఫోన్ చేస్తూ నడవండి."

"లిఫ్టు తిరిగితే ఆ బీరువాలు ఇంకా వేడెక్కుతాయి కదమ్మా. ఆరుసార్లు దిగాలి, ఎక్కాలి. నీ పక్కనే..."

"తెలుసండీ."

"నువ్వు?"

కెప్టెన్‌కి చచ్చేంత భయంగా ఉంది. వెళ్ళొద్దు మాస్టారూ, ఇక్కడే ఉండండి, కనీసం మాట్లాడుతూ ఉండండి అని అరవాలని ఉంది. ఆ మాటలు గొంతు దాకా వస్తే పళ్ళు బిగించి మింగింది.

"ఇంకొక్కటి. ఈ గదిలోకి రాకూడదని వాళ్ళకి చెప్పండి. ఎందుకు రాకూడదో కూడా చెప్పండి, కొలతలతో సహా. మీ నోటితో. దర్జీకి ముందు చెప్పండి, అది వింటే అందరూ వింటారు. నేనిక్కడ ఉన్నానని మాత్రం చెప్పొద్దు, చెప్తే ఒక్కత్తీ కదలదు. చెప్తారా?"

గాజు పలకలో మాస్టారి కళ్ళు తడిగా మెరిశాయి.

"చెప్తాను తల్లీ."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

సందులోంచి కర్ర తీసుకున్నాడు. తలుపు మూసుకుంది. టక్, టక్, చర్ర్. ఆ చప్పుడు వరండా పొడుగునా దూరమై, దూరమై, వినపడకుండా పోయింది.

కెప్టెన్ చొక్కా విప్పి మోకాళ్ళకీ రేకుకీ మధ్య అడ్డం పెట్టింది. నీళ్ళ సీసాలో ఉన్న నాలుగు గుక్కలూ దాని మీద పోసింది. ఇనప డబ్బాలోని గొట్టం అందుతుందేమోనని వెనక్కి వాలి చెయ్యి చాచింది. వేలి కొసలు తగిలాయి, పిడి తిరగలేదు. కోర్టులో బంతి చప్పుడు ఆగిపోయింది. ఆగిందంటే ఆయన చేరాడన్నమాట.

మోత మొదలైంది. లిఫ్టు దిగుతోంది. ఇద్దరు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. మోత ఇదివరకటిలా సన్నగా లేదు, మధ్యలో చిటపటలున్నాయి. రేకు మీద బొబ్బ ఒకటి పగిలి, లోపల నల్లగా కనిపించింది. లిఫ్టు పైకొచ్చింది. మళ్ళీ దిగింది. నలుగురు. ఇంకా ఏడుగురు. దిగండమ్మా, దిగండి, తొందరగా దిగండి అని గొణుగుతోంది. రేకు అంచుల్లోంచి పొగ సన్నటి దారంలా పైకి పాకింది. చూస్తూ కూర్చుంటే లైటు ఆరింది. చెయ్యి ఊపింది. వెలగలేదు. ఇంకా గట్టిగా ఊపింది. వెలగలేదు. చీకట్లో రేకు అంచు ఎర్రటి గీతలా కనపడింది.

ఖాళీ లిఫ్టు పైకి రావడానికి మోత మళ్ళీ మొదలై, ఠక్కున తెగిపోయింది.

అప్పుడు గంట మోగింది. ఎవరూ నొక్కలేదు. పొగ తగిలి దానంతటదే మోగింది. భవనమంతా అదిరిపోతోంది. లిఫ్టు ఇక రాదు. పైన ఏడుగురున్నారు. పోనీలే, కోర్టు దూరం, ఆ చివర పెద్ద కిటికీలున్నాయి, అక్కడే ఉంటే బతుకుతారు, ఇటు రాకూడదని తెలుసు కదా అని కెప్టెన్ తనకి తాను ధైర్యం చెప్పుకుంది. కొక్కెం తడుముకుని, పిడికి తగిలించి, ఉన్న బలమంతా పెట్టి తలుపు లాగింది.

నాలుగు వేళ్ళ సందులోంచి గంట మోతతో పాటు ఇంకో చప్పుడు లోపలికొచ్చింది. ప్లాస్టిక్ కాగితం మీద చక్రాలు. ఒక కుర్చీ కాదు, ఏడు. ఒకదాని వెనక ఒకటి, ఎక్కడా తడబడకుండా, రెండు నెలలు నేర్పినట్టే పరుగెత్తుకొస్తున్నాయి. అన్నిటికంటే ముందు దర్జీ గొంతు.

"ఎవరూ ఆగొద్దే! లైన్లో రండి! పసుపు తలుపులోకి! అక్క చూసి సంతకం పెట్టిన గది, మనకేం కాదు!"

మాస్టారు వాళ్ళకి చెప్పలేదు.